కంచు కాసుల మీద రోము దేవుళ్లు

బొమ్మా బొరుసా అని పైసా ఎగరేయని పిల్లలు మన పాలమూరులో ఎవరున్నారు బిడ్డా? గోలీలాటకైనా క్రికెట్టుకైనా ముందు ఆ పంచాయితీ తెగాల్సిందే. రెండువేల ఏండ్ల కింద రోము పిల్లలు కూడా ఇదే ఆట ఆడేవాళ్లు. వాళ్లు వేసే కేక మాత్రం వేరు, ‘తలలా, ఓడలా?’ అని. వాళ్ల చేతిలోని కంచు కాసుకు ఒకదిక్కు జానస్ దేవుడి తల, ఇంకోదిక్కు ఓడ ముక్కు ఉండేవి. మాక్రోబియస్ అనే రోము రచయిత ఈ ఆట ముచ్చట రాసిపెట్టబట్టి మనదాకా వచ్చింది.

జానస్‌కు రెండు ముఖాలు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. గడపలకూ తలుపులకూ ప్రతి పని మొదలుకూ ఆయనే దేవుడు, జనవరి నెల ఆయనదే. ఆ కాసు పేరు ‘ఆస్’. తొలిరోజుల్లో అది మూడువందల గ్రాములకు పైనే తూగేది. అంత బరువున్నదాన్ని సుత్తితో కొట్టి ముద్రవేయడం కుదరదు గనుక అచ్చుల్లో పోతపోసేవాళ్లు. తర్వాత హానిబాల్ అనే శత్రు సేనానితో యుద్ధం వచ్చింది, ఖజానా ఎండింది, కాసు బరువు తగ్గుతూ పోయింది. అగస్టస్ చక్రవర్తి నాటికి పదకొండు గ్రాముల దగ్గర ఆగింది. అంత చిక్కినా కాసు కాసే.

అగస్టస్ క్రీ.పూ. 23 ప్రాంతంలో చిల్లర డబ్బునంతా సరిచేశాడు. ఆస్‌ను రాగితో, దానికి నాలుగింతల విలువైన ‘సెస్టర్షియస్’ను ఇత్తడితో కొట్టించాడు. మనం అలవాటుగా అన్నిటినీ కంచు నాణేలు అనేస్తాం గానీ కంచు వేరు, ఇత్తడి వేరు. రాగిలో తగరం కలిస్తే కంచు. మీ అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పళ్లెం అదే, గోటితో కొడితే ఖంగుమంటుంది. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి.

ఈ ఇత్తడి చేయడంలో ఒక చిక్కుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. దాని ఖనిజాన్ని తెరిచిన కొలిమిలో కాలిస్తే జింకు బయటికొచ్చి గాలిలో తెల్లపొగగా మారి పోతుంది, చేతికి చిక్కదు. రోము పనివాళ్లు ఏంచేశారంటే రాగి ముక్కలు, జింకు ఖనిజం, బొగ్గు కలిపి మట్టి మూసలో వేసి మూతి బిగించేశారు. రాగి కరగనంత వేడిలో ఎర్రగా కాలుతూ ఉంటుంది, లోపల పుట్టిన జింకు ఆవిరి బయటికి దారిలేక ఆ రాగిలోకే ఇంకిపోతుంది. మూత తీసేసరికి పచ్చటి ఇత్తడి. జింకును విడిగా కంటితో చూడకుండానే దాన్ని రాగిలోకి ఎక్కించిన ఉపాయం ఇది. కొత్తగా కొట్టిన సెస్టర్షియస్ ఇరవైఐదు గ్రాముల బరువుతో, బంగారం రంగుతో మెరిసేది. దేవుళ్ల బొమ్మలకు అంత వెడల్పు ముఖమున్న నాణెం అగస్టస్ నాటి రోములో మరొకటి లేదు.

ఇగ దేవుళ్ల దగ్గరికి వద్దాం.

పత్రికలు లేని కాలం అది. రాజ్యంలో ఏం జరిగిందో, రాజు ఏం అనుకుంటున్నాడో బ్రిటన్ చివరి నుంచి సిరియా దాకా ప్రతి మనిషి చేతికీ చేరే వస్తువు ఒక్క నాణెమే. అందులోనూ బంగారం పెద్దవాళ్ల పెట్టెలో ఉంటుంది, రాగీ ఇత్తడీ సంతలో తిరుగుతాయి. అందుకే రోము చక్రవర్తులు చెప్పదలచుకున్నది చిల్లర మీద చెప్పారు, దేవుళ్ల చేత చెప్పించారు. ఒకదిక్కు చక్రవర్తి తల, దాని చుట్టూ బిరుదులు. ఆ బిరుదుల్లో ‘ప్రధాన పూజారి’ అన్నది తరచుగా ఉంటుంది, రాజ్యానికి పెద్ద పూజారి కూడా ఆయనే కదా. వెనకదిక్కు దేవుడో దేవతో. ధాన్యం కరువు తీరిందని చెప్పాలంటే కంకులు పట్టుకున్న సెరీస్. గెలుపంటే రెక్కల విక్టోరియా. చక్రవర్తి జబ్బుపడి లేస్తే సాలస్ అనే ఆరోగ్యదేవత, ఒక గిన్నెతో పాముకు మేత పెడుతూ ఉంటుంది. ఈ పామును గుర్తుపెట్టుకో బిడ్డా, మళ్లీ వస్తుంది.

జానస్ గుడికి ఒక ఆచారం. రాజ్యంలో ఎక్కడ యుద్ధం ఉన్నా ఆ గుడి తలుపులు తెరిచే ఉండాలి, అంతటా శాంతి ఉంటేనే మూయాలి. రోము ఎప్పుడూ ఎవరితోనో కొట్లాడుతూనే ఉండేది గనుక వందల ఏండ్లలో ఆ తలుపులు మూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. నీరో మూయించాడు. మూయించి ఊరుకోలేదు, క్రీ.శ. 65 ప్రాంతంలో ఆ మూసిన తలుపుల గుడినే నాణేల మీద అచ్చొత్తించాడు. తలుపు పైన వేలాడే పూలదండ కూడా కనిపిస్తుంది. ఆ గుడి ఇప్పుడు లేదు. అది ఎలా ఉండేదో చెప్పే మంచి సాక్ష్యం ఈ నాణెమే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి కాన్‌స్టాంటైన్ నాటి చిన్న కంచు నాణేలు. చూడటానికి మన చిటికెనవేలి గోరుకంటే కొంచెం పెద్దవి, రెండు మూడు గ్రాములు. అయితే ఒక మతం పోయి ఇంకో మతం రావడం వాటిమీద ఏడాదికేడాది కనిపిస్తుంది. 312లో రోము పక్కన యుద్ధం గెలిచి కాన్‌స్టాంటైన్ క్రైస్తవుల దేవుడి వైపు తిరిగాడని చదువుకున్నావు కదా. నాణేలు చూస్తే ఆ తర్వాత కూడా కొన్నేండ్లు సూర్యదేవుడే. తలచుట్టూ కిరణాలు, ఒక చేయి పైకెత్తి, ఇంకో చేతిలో గోళం. నమ్మకం మార్చుకున్న రాజు డబ్బును వెంటనే మార్చలేదు. సంతలో రైతు ఆ బొమ్మను చూసి తీసుకుంటున్నాడు, ఉన్నట్టుండి తీసేస్తే అనుమానపడతాడు. ఇది నా లెక్క.

327లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక నాణెం కొట్టారు. దానిమీద జెండాకర్ర, కర్ర కొనకు క్రీస్తు పేరులోని గ్రీకు అక్షరాలు, కింద కర్ర మొన దిగబడిన పాము. సాలస్ గిన్నెతో మేపిన పామును ఇక్కడ పొడుస్తున్నారు! మందుకూ ఆరోగ్యానికీ గుర్తయిన ప్రాణి కొత్త మతంలో శత్రువుకు గుర్తయింది. 337లో కాన్‌స్టాంటైన్ చనిపోయాక కొట్టిన చిన్న నాణెం ఇంకా చిత్రం. తలమీద ముసుగుతో ఆయన నాలుగు గుర్రాల రథమెక్కి ఆకాశానికి పోతున్నాడు, పైనుంచి ఒక చెయ్యి దిగి ఆయన్ను అందుకుంటోంది. చక్రవర్తి చచ్చి దేవుడైపోవడం పాత పద్ధతి, ఆ చెయ్యేమో బైబిలు దేవుడిది. పాతా కొత్తా గోరంత జాగాలో కలిశాయి. 353 ప్రాంతంలో మాగ్నెంటియస్ అనేవాడు పెద్ద కంచు నాణెం వెనకదిక్కంతా ఆ క్రీస్తు అక్షరాలే నింపేశాడు. ఒక్క విక్టోరియాను మాత్రం ఎవరూ తీయలేదు. రెక్కలు అలాగే ఉంచి చేతికి శిలువ ఇచ్చారు. ఆరో శతాబ్దంలో జస్టిన్ చక్రవర్తి కాలానికి ఆమె మగదేవదూత అయింది.

ఇవన్నీ మన నడిగడ్డకు ఏం సంబంధం తాతా అంటావేమో. ఉంది.

కృష్ణ, తుంగభద్ర నడుమ ఉన్నది మన గద్వాల, అలంపురం. కృష్ణ దాటితే వనపర్తి, తూర్పుకు నాగర్‌కర్నూలు, ఆపైన నల్లమల. ఈ నది వెంట పైకి పోతే రాయచూరు దిక్కు మస్కి, అశోకుడి శాసనం ఉన్న ఊరు. కిందికి పోతే నాగార్జునకొండ, అమరావతి. పడమటి రేవుల్లో దిగిన సరుకు తూర్పుకు రావాలన్నా, తూర్పు నేత పడమటికి పోవాలన్నా ఈ నదీలోయ మంచి దారి. తెలుగునేల మీద రోము నాణేలు ఎక్కువగా కృష్ణకు ఇటూ అటూ దొరకడానికి కారణం అదే. హైదరాబాదు మ్యూజియం చేరినవాటిని పరమేశ్వరీలాల్ గుప్త పరిశీలించి 1965లో పుస్తకమే అచ్చువేశాడు.

అయితే మన దిక్కు దొరికినవి దాదాపు అన్నీ వెండీ బంగారమే. కంచు ఎందుకు రాలేదు? లెక్క చేద్దాం పా. వంద సెస్టర్షియస్‌లు ఒక బంగారు నాణేనికి సమానం. వంద ఇత్తడి నాణేలు రెండున్నర కిలోలు, బంగారు నాణెం ఎనిమిది గ్రాముల లోపు. ప్లినీ అనే రోము పెద్దాయన క్రీ.శ. 77 ప్రాంతంలో, ఇండియా ఏటా రోము దగ్గర ఐదు కోట్ల సెస్టర్షియస్‌లు లాగేస్తోందని వాపోయాడు. మిరియాలకూ ముత్యాలకూ సన్నబట్టకూ అంత పోసేవాళ్లు. ఆ ఐదు కోట్లను నిజంగా ఇత్తడిలో మోస్తే 1250 టన్నులు! బంగారంలోనైతే నాలుగు టన్నులకు లోపే. ఏ ఓడవాడైనా ఏది ఎక్కించుకుంటాడు? ఇంకో సంగతి, బంగారం ఎక్కడైనా బంగారమే. ఇత్తడి కాసు విలువలో చాలా భాగం చక్రవర్తి మాట. సరిహద్దు దాటితే ఆ మాట చెల్లదు, మిగిలేది లోహం ముక్క. లోహంగా కావాలంటే రాగి, తగరం, సీసం ఓడల్లో సరుకుగానే వచ్చేవి, నాటి ఒక గ్రీకు నావికుడి పుస్తకంలో ఆ సరుకుల పట్టీ ఉంది. క్రీ.శ. నాలుగో, ఐదో శతాబ్దాల్లో మాత్రం ఆ చిన్న కంచు నాణేలు తమిళనాట కరూరు, మదుర దిక్కూ, సింహళంలోనూ చాలా వచ్చాయి. అక్కడి జనం సొంత చిల్లరలో కలిపి వాడుకున్నారు.

మన పొరుగున నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒకేచోట 1531 వెండి నాణేలు బయటపడ్డాయి. ఎక్కువ భాగం అగస్టస్, తిబేరియస్ కాలానివి. ఇండియాలో ఎక్కడ చూసినా ఆ ఇద్దరి వెండే ఎక్కువ. 64 తర్వాత నీరో వెండిలో రాగి కలపడం పెంచాడు, మన వ్యాపారులు పాత వెండికే విలువ ఇచ్చినట్టు కనిపిస్తుంది. అగస్టస్ నాణేల్లో ఇండియాలో బాగా దొరికే రకం ఒకటుంది. అందులో ఆయన మనవళ్లిద్దరు డాళ్లూ ఈటెలూ పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ల తలల నడుమ రెండు చిన్న వస్తువులు. ఒకటి దేవుడికి ద్రాక్షసారా పోసే గరిటె. రెండోది కొన వంపు తిరిగిన చేతికర్ర. ఆ కర్రతో పూజారి ఆకాశంలో హద్దు గీసి, ఆ హద్దులో ఏ పక్షి ఎటునుంచి ఎటు ఎగిరిందో చూసి శకునం చెప్పేవాడు. దసరా నాడు పాలపిట్ట కోసం మనం చెలకల వెంట చూపు సారించినట్టే వాళ్లూ పెద్ద పనికి ముందు ఆకాశం చూసేవాళ్లు. పాలపిట్టను చూసి మొక్కే నేలకు పక్షి శకునపు కర్ర బొమ్మ చేరింది, అదేమిటో చెప్పేవాడు మాత్రం వెంట రాలేదు.

సాక్షాత్తూ మన వనపర్తి జిల్లా వీపనగండ్లలో దొరికిన నాణేలు ఇంకా తర్వాతి కాలానివి. కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన తూర్పు రోము చక్రవర్తుల బంగారం. ఇందాక చెప్పిన విక్టోరియా నిలువెత్తు శిలువ పట్టుకుని నిలబడేది ఇలాంటి నాణేల మీదే. కొల్లాపురం దారిలో పోతూ ఆ ఊరి బోర్డు చూసినప్పుడల్లా నా మనసు ఒక్కసారి ఆగుతుంది. నల్లసముద్రపు దాపున ముద్రపడిన బొమ్మ ఈ ఎర్రచెలకల దాకా ఎన్ని చేతులు మారి వచ్చిందో!

దక్షిణాదిన దొరికిన ఈ కాలపు బంగారు నాణేల్లో చాలావాటికి రంధ్రాలుంటాయి. ఒకటి కాదు, పక్కపక్కన రెండు. అవి కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, చక్రవర్తి తలకు సరిగ్గా పైన. ఎందుకో ఆలోచించు. ఒక్క రంధ్రానికి దారం కడితే నాణెం గిర్రున తిరుగుతుంది, వెనకదిక్కు ముందుకొస్తుంది. రెండుచోట్ల దారం పట్టిందంటే తిరగదు, బొమ్మ నిటారుగా మెడలో కుదురుకుంటుంది. అంటే ఎవరో కంసాలి చక్రవర్తి ముఖం జనానికి కనపడాలని, తల పైకే ఉండాలని కావాలని అట్లా పొడిచాడు. శిలువ పట్టిన విక్టోరియా రొమ్ముకు ఆనుకుని లోపలిదిక్కు ఉండిపోయింది. ఎవరిదో తెలియకున్నా ముఖానికి గౌరవం దక్కింది. సంగారెడ్డి దిక్కు కొండాపురంలో యాజ్దాని గారి ఆధ్వర్యంలో 1940, 41లలో తవ్వినప్పుడు రోము నాణెం నమూనాగా చేసిన మట్టి బిళ్లలు కూడా దొరికాయి, తాడు ఎక్కించుకునే కొక్కెంతో సహా. బంగారం కొనలేనివాళ్లు మట్టితో చేయించుకుని వేసుకున్నారన్నమాట. మన ఇండ్లలో లక్ష్మీదేవి ముద్రల కాసులపేరు ఎంత పాత మోజో దీన్నిబట్టి చూడు.

ఇక తొలి రోము చక్రవర్తుల కాలంలో మన రాజులు సీసంతో, రాగితో, పోటిన్ అనే కలగలుపు లోహంతో నాణేలు వేశారు. సాతవాహనుల సీసపు నాణెం మీద ఏనుగు, కమ్మీల నడుమ చెట్టు, విల్లులు పేర్చినట్టుండే కొండ, నాలుగు గుండ్రాల ఉజ్జయిని గుర్తు. దేవుడి ముఖం కనిపించదు, గుర్తే కనిపిస్తుంది. చెట్టూ కొండా ఎవరి భక్తికి తగ్గట్టు వాళ్లు చదువుకోవచ్చు. రోము ధనం గుడికి పోయిందని నాగార్జునకొండ శాసనం చెబుతుంది. ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధర భట్టారిక అనే రాణి మహాచైత్యంలో రాతి స్తంభం కోసం 170 దీనార మాషకాలు ఇచ్చింది. వెయ్యేండ్ల తర్వాత విజయనగరం వాళ్లు మాత్రం దేవుళ్లను నేరుగా బంగారం మీద కూర్చోబెట్టారు. రెండో హరిహరరాయల నాణెం మీద ఉమామహేశ్వరులు, అచ్చంపేట కొండమీద మనం మొక్కే జంటే. గద్వాల సంస్థానం కూడా సొంత నాణేలు కొట్టింది. కోటలో చెన్నకేశవుడు కొలువై ఉన్నా రూపాయి మీద ఫారసీ అక్షరాలే, సంతలో చెల్లుబాటయ్యే ముద్ర ఆనాడు అది.

ఇక చివరి సంగతి, నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది. శ్రీశైలం డ్యాం నీళ్లు రాకముందు అటు కర్నూలు ఒడ్డున వీరాపురంలో తవ్వి, మహారథులనే స్థానిక పాలకుల నాణేలూ సాతవాహనుల నాణేలూ బయటికి తీశారు. కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చారు. తవ్వని దిబ్బలు ఇంకా ఎన్నో మిగిలే ఉన్నాయి. దున్నుతుంటే ఎప్పుడైనా నీ చేతికి ఒక పచ్చటి రాగి బిళ్ల తగిలిందనుకో. దయచేసి చింతపండు పెట్టి తోమకు బిడ్డా. ఇత్తడి బిందెకు చింతపండు మంచిదే, అందులోని ఆమ్లం పైపొరను కరిగించి లోపలి మెరుపు తెస్తుంది. పాత నాణేనికి ఆ పైపొరే ప్రాణం. భూమిలో వందల ఏండ్లు ఉన్న రాగి ముందు ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి పొర కడుతుంది, ఆపైన నీరు, బొగ్గుపులుసు వాయువు కలిసి పచ్చ పొర. అసలు లోహం పైభాగం అరిగి ఆ పొరగా మారిపోయి ఉంటుంది. జానస్ ముక్కూ చెవీ, ఏనుగు తొండమూ మిగిలి ఉంటే ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. దాన్ని కరిగిస్తే నీకు మెరిసే నున్నటి రాగి బిళ్ల దొరుకుతుంది, బొమ్మ పోతుంది.

ఉప్పు నేలలో ఉన్నవాటికి ఇంకో జబ్బు. లేతపచ్చటి పిండిలా రాలుతుంటుంది. లోపల చేరిన క్లోరైడు తేమ తగలగానే గాలితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం మళ్లీ రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడు తయారు. ఒకసారి మొదలైతే తనంతట ఆగదు, నాణెమంతా పొడి అయ్యేదాకా పోతుంది. దానికి మందు పొడిగా ఉంచడమే, ఆపై పని మ్యూజియం రసాయనశాలది. సీసపు నాణేలను చెక్క పెట్టెలో దాయొద్దు, చెక్కలోంచి వచ్చే పుల్లటి ఆవిరికి సీసం తెల్లగా బూజుపట్టినట్టై రాలిపోతుంది.

దొరికిన చోటు మరీ ముఖ్యం. ఏ చేను, ఎంత లోతు, కుండలో ఉన్నాయా విడిగా ఉన్నాయా, ఇవన్నీ రాసిపెట్టుకుని తహశీల్దారుకో కలెక్టరుకో చెప్పాలి. పది రూపాయలకు మించిన నిధి ఏది నేలలో దొరికినా చెప్పి తీరాలని 1878 నుంచే దేశంలో చట్టం ఉంది. అందులోంచి ఒక్క నాణెం కూడా జ్ఞాపకంగా దాచుకోవద్దు. ఒక కుండెడు నాణేల్లో అన్నిటికంటే కొత్తది ఏ చక్రవర్తిదో చూసే, ఆ కుండను ఆ తర్వాతే పాతిపెట్టారని తేల్చుతారు. నువ్వు జేబులో వేసుకున్నది ఆ ఒక్కటే అయితే కుండ వయసు వంద ఏండ్లు వెనక్కి జరిగిపోవచ్చు.